బంపర్ మీది ఐబు

శుక్రవారం జుమా నమాజ్ అయ్యాక కారు చూడ్డానికి గాహక్ వస్తానన్నాడు. నేను గురువారం పొద్దున్నే ఒంగోలు నుంచి చిలకలూరిపేట చేరుకున్నాను. చేతిలో ఉన్నది ఒకటిన్నర రోజు. ఎదురుగా మా 2008 మోడల్ మారుతీ 800.

తెల్ల బాడీ పర్వాలేదు. చూడలేకపోయింది దాని నల్ల ప్లాస్టిక్కే. ముందు బంపర్, వెనక బంపర్, తలుపుల పట్టీలు, అద్దాల డిప్పలు, వైపర్ల కింద ఉండే జాలీ. నలుపు అనడం మర్యాదకే. ముందు బంపర్ బూడిద రంగు. వెనకది బూడిద మీద ఎర్రటి మరక. పట్టీల మీద తెల్ల చారలు. ఇక గరుకు ప్లాస్టిక్ గుంటలన్నిట్లోనూ మా నల్లరేగడి ఎండి గట్టిపడి ఉంది.

అబ్బాజాన్‌కి కాలా మోతియా వచ్చింది. నీటికాసులంటారే, అది. ఎదురుగా ఉన్నది కాస్త కనిపిస్తుంది, పక్కల నుంచి వచ్చేది కనిపించదు. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. చెల్లి బీటెక్ ఆఖరి ఏడాది ఫీజు బాకీ ఉంది. "మూలన పడుండే చీజ్ కంటే పిల్ల తాలీమ్ ముఖ్యం, అమ్మేద్దాం" అని అబ్బాయే అన్నారు, చాలా తేలిగ్గా. అదే రోజు రాత్రి ఇషా తర్వాత కార్లో తలుపేసుకుని ఒక్కరే చాలాసేపు కూర్చున్నారని అమ్మీ నాకు ఫోన్లో చెప్పింది.

అబ్బా ముప్పై ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. గుమాస్తా, హమాలీ, దలాల్, రశీదు, జమా, బాకీ... యార్డులో రోజంతా వినపడే మాటల్లో సగం మనవే. చిన్నప్పుడు నాకది భలే గర్వంగా ఉండేది. మా పేట నుంచి గుంటూరు నలభై కిలోమీటర్లు. ఫజర్ అవగానే బస్సెక్కేవారు. 2012లో ఈ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మా గల్లీలో మొదటి కారు. 2023లో పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించారు. అప్పుడే అమ్మి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

సరే, పని మొదలెట్టాను. అబ్బా వాకిట్లో నులక మంచం వేయించుకుని కూర్చున్నారు. నేను బకెట్ ఎత్తి బంపర్ మీద కుమ్మరించబోతుంటే నీళ్ల చప్పుడు విని "ఠహరో బేటా" అన్నారు.

"దుమ్ము మీద నీళ్లు పోస్తే బురదవుతుంది. ముందు పొడిగా దులుపు. మీ దాదా ఎప్పుడైనా తడి దూది ఏకాడా?"

దాదాది దూదేకే పని. అబ్బా వైపు మేం నూర్‌బాషీయులం, ఇంట్లో తెలుగే. ఉర్దూ అమ్మీ జహేజ్‌తో పాటు తెచ్చింది. దాదా విల్లు భుజాన వేసుకుని పర్చూరు, పెదనందిపాడు వైపు పత్తి పల్లెలు తిరిగేవాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, నరం బిగించిన విల్లుని దూది మీద ఉంచి కొయ్య గూటంతో తీగని కొడుతుంటే టంగ్ టంగ్‌మని మోత. తీగ వణుకుడికి దూది విడివడి పొంగుతుంది, దుమ్మూ నలుసులూ కిందికి రాలిపోతాయి. నీటి చుక్క తగలకుండా మురికి వదిలించే హునర్ అది. తర్వాత మిషన్లొచ్చాయి, ఆ తర్వాత స్పాంజి పరుపులొచ్చాయి. విల్లు మా అటక మీదికెక్కింది.

అబ్బా మాట విని, పెయింటు వేసే మెత్తని బ్రష్ ఒకటి తీసుకుని పట్టీలనీ బంపర్లనీ ఆడించి ఆడించి దులిపాను. వైపర్ల జాలీలోంచి ఎండుటాకులు, వేప పుల్లలు దోసెడొచ్చాయి. ఇక్కడో మాట చెప్పాలి. ఈ పొడి దులపడం గరుకు ప్లాస్టిక్‌కి మాత్రమే. మెరిసే పెయింట్ మీద దుమ్ముని పొడి గుడ్డతో రుద్దితే సన్న గీతలు పడతాయి, దానికి మాత్రం ముందు నీళ్లే పోయాలి.

దులిపితే పోయింది పై దుమ్ము. గుంటల్లో ఉన్న రేగడి కదల్లేదు. మన నేల సంగతి మీకు తెలిసిందే. చాలా సన్నటి బంకమట్టి. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని నెర్రెలిస్తుంది. పొలానికి ఇచ్చే నెర్రెలే బంపర్ మీదా ఇస్తుంది. దాన్ని గోటితోనో చాకుతోనో గీకితే ప్లాస్టిక్ పోతుంది, మట్టి ఉంటుంది. పాత లుంగీ చింపి, ముక్కలు తడిపి పట్టీల మీద పరిచి పావుగంట వదిలేశాను. మట్టి తనంతట తానే ఉబ్బి మెత్తబడింది. అప్పుడు రెండు బకెట్లు పెట్టుకున్నాను. ఒక దాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, ఇంకో దాంట్లో బ్రష్ కడగడానికి ఉత్త నీళ్లు. ఒకే బకెట్ అయితే తీసిన మట్టినే మళ్లీ తీసుకెళ్లి రాస్తాం. పాత టూత్ బ్రష్‌తో చిన్న చిన్న చుట్లుగా రుద్దుతుంటే గుంటల్లోంచి నల్లటి నురగ వచ్చింది. నాకు తెలీకుండానే "సుబ్హానల్లాహ్" అనేశాను. ఇంత మట్టిని ఇన్నేళ్లు మోసిందా ఇది!

కింది అంచున హైవే తారు చుక్కలు. బ్లేడు పెట్టబోయి ఆగాను. కొబ్బరి నూనె రెండు చుక్కలు వేసి కాసేపాగితే తారు కరిగి గుడ్డకి వచ్చేసింది. ఆ జిడ్డుని షాంపూతో కడిగేశాను. కిరోసిన్ వాడమని పక్కింటి మామూ చెప్పారు. ఆయన ప్రతి రోగానికీ కిరోసినే చెబుతారు. కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ లాంటివి మరకతో పాటు ప్లాస్టిక్ మొహాన్ని కూడా తినేస్తాయి. బాత్రూం యాసిడ్ మాట అసలే వద్దు.

తర్వాత వెనక బంపర్ మీది ఎరుపు. అది అబ్బా నౌకరీ మరక. డిక్కీలో శాంపిల్ కాయ, పచ్చళ్ల రోజుల్లో ఇంటికి తెచ్చే తేజ కాయ, కొట్లో మిగిలిన పొడి, ఇవన్నీ ఎక్కిస్తూ దింపుతూ డిక్కీ అంచునా బంపర్ పైనా రాసుకుపోయినవి. సబ్బుతో రుద్దితే పల్చబడి ఇంకా వెడల్పయింది. కారం కలిపిన ప్లాస్టిక్ డబ్బా కడిగిన ప్రతి ఆడమనిషికీ ఈ బాధ తెలుసు. మిరప ఎరుపు నీళ్లకి లొంగదు, నూనెకే లొంగుతుంది. కూరలో నూనె మీదే ఎర్రగా తేలుతుంది కదా. మళ్లీ కొబ్బరి నూనె గుడ్డే. గుడ్డ నారింజ రంగుకి తిరిగింది. సగం పైన పోయింది.

"మిగిలింది వదిలెయ్. ఎండకి అదే పోతుంది" అన్నారు అబ్బా. "ఎండ తగిలితే రంగు పోతుందనే కదా రైతులు కోల్డ్ స్టోరేజీల్లో పెట్టేది."

ఆ ఎరుపు చూస్తుంటే అబ్బా చెయ్యి గుర్తొచ్చింది. సీజన్లో యార్డంతా టిక్కీల కొండలు. దర్శి నుంచి, మార్కాపురం నుంచి, ఎక్కడెక్కడి నుంచో రైతులు. కొన్ని టిక్కీల్లో పైన నిగనిగలాడే కాయ, అడుగున తాలు. కొన్నింట్లో బరువు కోసం నీళ్లు చల్లిన కాయ. రైతే చేస్తాడని కాదు, కొని మళ్లీ అమ్మేవాళ్లూ చేస్తారు. అబ్బా టిక్కీలోకి మోచెయ్యి దాకా దూర్చి అడుగు కాయ తీసేవారు. రాత్రి ఇంటికొచ్చాక ఆ చెయ్యి మంట. అమ్మీ పెరుగు రాసేది. మేం పిల్లలం చుట్టూ కూర్చుని ఇంటి కాయలకి తొడిమలు తీస్తుంటే అబ్బా ఒక కిస్సా చెప్పేవారు. రసూలుల్లాహ్ (స.అ.స.) మదీనా బజారులో ధాన్యం రాశి దగ్గర ఆగి చెయ్యి లోపలికి పెట్టారట, వేళ్లకి తడి తగిలిందట. ఇదేమిటని అడిగితే వాన పడిందన్నాడట ఆసామి. మరి తడిసింది పైన పెట్టొచ్చు కదా, జనం చూసుకునేవాళ్లు కదా అన్నారట. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వినీ వినీ నాకు అది నీతికథలా కాక మా అబ్బా డ్యూటీ గురించిన కబురులా అనిపించేది.

తలుపుల పట్టీల మీది తెల్ల చారలు ఇంకెవరివో కాదు, నావే. ఆపా నిఖా ముందు రోజు కారు మెరవాలని వ్యాక్స్ పాలిష్ తెచ్చి, పెయింట్‌కీ ప్లాస్టిక్‌కీ తేడా లేకుండా పూసేశాను. పెయింట్ మీద మెరిసేది గరుకు ప్లాస్టిక్ గుంటల్లో దిగి తెల్లగా ఎండిపోతుంది. ముందు ఆ పట్టీల మీద టేపు అంటించుకోవాలని అప్పుడెవరూ చెప్పలేదు. బారాత్ ఆ చారలతోనే వెళ్లింది. అబ్బా ఇన్నేళ్లలో ఒక్క మాటనలేదు.

వాటి మీద ఎన్ని నుస్ఖాలో! వేరుశనగ ముద్ద రాస్తే దాని నూనె వ్యాక్స్‌ని మెత్తబరుస్తుందని ఎక్కడో చదివి ఉప్పు లేకుండా రుబ్బించాను. "పల్లీ చట్నీ కారుక్కూడానా?" అని చెల్లి ఒకటే నవ్వు. కొంచెం పని చేసిన మాట నిజమే, కాకపోతే అరగంటలో చీమల ఖాఫిలా బయల్దేరింది. నేనైతే ఎవరికీ చెప్పను దీన్ని. చివరికి పనికొచ్చింది మ్యాజిక్ స్పాంజి అని అమ్మే తెల్లటి మెలమైన్ స్పాంజి. తడిపి, బలం పెట్టకుండా రుద్దాలి. అది చూడ్డానికి మెత్తగా ఉన్నా సన్నటి గరుకు కాగితం లాంటిదే, పెయింట్‌కీ మెరిసే ప్లాస్టిక్‌కీ తగలనివ్వకూడదు. చారలు పోయాయి. మా బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి, వాటంతట అవి ఆరితే కొత్త తెల్ల మచ్చలు పడతాయి కాబట్టి కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడిచాను. పాత నీటి మచ్చలకి వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తుడిచి వెంటనే కడిగేశాను.

అసర్ అయ్యేసరికి మురికన్నది లేదు. తడి మీద బంపర్ నల్లగా నిగనిగలాడుతోంది. నాకు ఖుషీ. పది నిమిషాల్లో ఆరింది. ఆరగానే మళ్లీ బూడిద.

మళ్లీ సబ్బు పెట్టబోతే అబ్బా అడిగారు. "తెల్ల గుడ్డ తడిపి రుద్ది చూడు. గుడ్డకి ఏమంటింది?"

ఏమీ అంటలేదు. కాస్త బూడిద పొడి, అంతే.

"అయితే అది మైల కాదు. ఎండకి పోయిన రంగు. బయటి నుంచి వచ్చింది కడిగితే పోతుంది, లోపలి నుంచి పోయింది కడిగితే రాదు కదా."

తర్వాత చదివితే తెలిసింది. ఈ ప్లాస్టిక్‌లో నలుపు కోసం, ఎండని ఓర్చుకోవడం కోసం మసి లాంటి కార్బన్ పొడి కలుపుతారట. అయినా ఏళ్ల తరబడి ఎండలోని అతినీల కిరణాలకు పై పొర చిట్లిపోతుంది. కంటికి కనపడని ఆ చిట్లుల మీద వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. నీళ్లో నూనో ఆ చిట్లుల్ని నింపితే నల్లగా కనిపిస్తుంది, అవి ఆరిపోగానే మామూలే. సొంత కారైతే, శుభ్రంగా కడిగి బాగా ఆరబెట్టి, ఎండని అడ్డుకునే ట్రిమ్ డ్రెస్సింగ్ పల్చగా రాసి అదనంగా ఉన్నది తుడిచేస్తే మంచిదే. నెలకో రెండు నెలలకో మళ్లీ రాయాలి. కొబ్బరి నూనె రాసి వదిలేస్తే మాత్రం మన దుమ్ముకి రెండు రోజుల్లో అది రేగడి హల్వా అవుతుంది. మెకానిక్ ఒకాయన హీట్ గన్‌తో కాలిస్తే నల్లబడుతుందన్నాడు. నల్లబడుతుందట, చెయ్యి జారితే కరిగిపోతుంది కూడా. నాకంత ధైర్యం లేదు.

"అబ్బా, నల్లరంగు వేసేద్దామా?" అన్నాను.

అబ్బా గడ్డం నిమురుకున్నారు. మెహందీ పెట్టిన గడ్డం. "నేనే నల్లరంగు వేసుకోను, దానికెందుకురా" అని నవ్వారు.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. మట్టంతా పోయాక ముందు బంపర్ ఎడమ వైపు కింద ఒక పగులు బయటపడింది. జానెడు పొడుగు. అద్దంకి దగ్గర రాయి తగిలిందని అబ్బా ఎప్పుడో చెప్పిన గుర్తు. ఇన్నాళ్లూ రేగడి దాన్ని పూడ్చి ఉంచింది. శుభ్రం చేసి నేనే దాన్ని బయటపెట్టాను. ఫోన్లో గాహక్ చూశాక అరవై ఎనిమిది వేలిస్తానన్నాడు. ఫీజుకి సరిగ్గా సరిపోయే మొత్తం. జానెడు పగులు ఎన్ని వేలు తింటుందో అని నాకు గుబులు.

ఇషా అయ్యాక అందరూ పడుకున్నారు. ఎంసీల్ కలిపి పగుల్లో కూరి, గరుకు కాగితంతో నున్నగా చేసి, పైన బూట్ పాలిష్ రాశాను. ఒక్క చోటే నల్లగా ఉంటే తెలిసిపోతుందని బంపర్ మొత్తం రాశాను. టార్చి వేసి చూసుకుంటే కొత్త బంపరే. నా నియ్యత్ మంచిదే కదా, చెల్లి చదువు కోసమే కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. మన నఫ్స్‌కి వకీలు అక్కర్లేదు, తన కేసు తనే బాగా వాదించుకుంటుంది.

పొద్దున ఫజర్ నుంచి వచ్చి అబ్బా నేరుగా కారు దగ్గరికి వెళ్లారు. నేను అరుగు మీద టీ తాగుతున్నాను. చూపు తగ్గినప్పటి నుంచీ ఆయనకి కళ్లకంటే వేళ్ల మీదే భరోసా. బానెట్ తడిమారు. అద్దం డిప్ప తడిమారు. వంగి ముందు బంపర్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి చెయ్యి పోనిచ్చారు. పగులు ఉన్నచోట వేళ్లు ఆగాయి. ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చాయి.

నా దగ్గరికొచ్చి అరచెయ్యి చాపారు. నాలుగు వేళ్లూ నల్లగా ఉన్నాయి.

ఒక్క మాటనలేదు. తిట్టినా బాగుండేది. చెయ్యి అలాగే చాపి ఉంచారు, నేను లేచి సబ్బూ చెంబూ తెచ్చేదాకా. నేను నీళ్లు పోస్తుంటే కడుక్కున్నారు. వజూకి పోసినట్టే పోశాను, అలవాటు కొద్దీ. పాలిష్ నలుపు గోళ్ల అంచుల్లోంచి ఒక పట్టాన వదల్లేదు. నేను ముందు రోజంతా వాడిన టూత్ బ్రష్‌తోనే ఆయన గోళ్లు రుద్దాను.

ఆ తర్వాత బంపర్ మొత్తం మళ్లీ కడిగాను. గరుకు ప్లాస్టిక్‌లోకి దిగిన బూట్ పాలిష్ తీయడం రేగడి కంటే, మిరప మరక కంటే, నా వ్యాక్స్ కంటే కష్టం. నూనె గుడ్డ, షాంపూ, స్పాంజి, మళ్లీ నూనె గుడ్డ. జుమా అజాన్ వినపడేదాకా ఆ పనే. ఎంసీల్ మాత్రం గట్టిపడిపోయింది, ఊడి రాలేదు. బూడిద బంపర్ మీద పుండు మానిన మచ్చలా తెలిసిపోతూనే ఉంది.

గాహక్ మార్టూరు వైపు మిర్చి రైతు. పాతికేళ్లుండవు. వాళ్ల నాన్నని గుంటూరు ఆసుపత్రికి తిప్పడానికి కారు కావాలట. ఇంజన్ విన్నాడు, టైర్లు చూశాడు. ఇంతలో అబ్బా అతని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్లి ఆ మచ్చ మీద పెట్టారు.

"ఇక్కడ పగిలింది బాబూ. రాత్రి మా వాడు ఎంసీల్ పెట్టాడు. ఎడమ తలుపు కింద తుప్పు కూడా ఉంది, వంగి చూసుకో."

అతను వంగి చూశాడు. కాసేపు ఆలోచించి, "ఐదు వేలు తగ్గించండి బాబాయ్" అన్నాడు. బంపర్ పగులుకి ఐదు వేలు చాలా ఎక్కువ. నేను నోరు తెరవబోతే అబ్బా సరేననేశారు. అరవై మూడు వేలు. మిగతా ఐదు వేలకి నేను ఆఫీసులో జీతం అడ్వాన్స్ అడగాల్సి వచ్చింది. అప్పుడైతే కోపమొచ్చింది, దాచడమెందుకు. అతను పోతూ వెనక బంపర్ మీద మిగిలిన ఎరుపు చూసి ఇదేంటని అడిగాడు. "నీకు తెలీదా? తేజ" అన్నారు అబ్బా. ఇద్దరూ నవ్వుకున్నారు.

కారు గల్లీ మలుపు తిరిగేదాకా అబ్బా ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. ఆయన చూపుకి అది గుమ్మం దాటగానే మాయమై ఉంటుంది.

రంజాన్ రెండో వారంలో ఆ కుర్రాడి ఫోన్. ఇఫ్తార్‌కి ఇంకా గంట ఉంది. స్పీకర్ పెట్టి అబ్బాకి ఇచ్చాను. పొలం వెళ్లొస్తే బంపరంతా రేగడి పట్టేసిందట. నీళ్లు కొట్టినా పోవట్లేదు, కిరోసిన్ పెట్టమంటున్నారు, పెట్టనా బాబాయ్ అని అడుగుతున్నాడు.

"కిరోసిన్ వద్దు" అంటూ అబ్బా మంచం మీద సర్దుకుని కూర్చున్నారు. "ముందు పొడిగా దులుపు. బ్రష్ ఉందా ఇంట్లో? పెయింటు బ్రష్, మెత్తంది..."